సముద్రం దాటే సామాను: ఏది పంపాలి, ఏది వదలాలి

ఓడలో పంపే ఇంటి సామానుకు డబ్బు తీసుకునేది అది పట్టే చోటును బట్టి. బరువు లెక్కలోకి వచ్చేది తక్కువ. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే మొదటిసారి దేశం మారినప్పుడు మా లిస్టు అలా ఉండేది కాదు. సోఫా ఖరీదైందని పంపాం, పుస్తకాలు బరువని పంచిపెట్టేశాం. సోఫా కొత్త ఇంటి మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుపోయింది. పంచిన పుస్తకాల్లో కొన్ని అచ్చులో లేవు, ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాం. సోఫా పట్టిన చోటులో ఆ పుస్తకాలన్నీ వెళ్లి, ఇంకా బోలెడంత మిగిలేది.

అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో వస్తువు మీద ఇష్టం, అప్పట్లో దానికి పెట్టిన ధర రెండూ వెనక్కి వెళ్తాయి. ముందు కొలిచే టేపు, తర్వాత కోట్ (సామాను తరలించే కంపెనీ చెప్పే ధర), ఆ తర్వాతే నిర్ణయం. ప్రయాణానికి మూడు నాలుగు నెలలుంటే తీరిగ్గా చేయొచ్చు. ఆరు వారాలే ఉన్నా కుదురుతుంది, కాకపోతే టెన్షన్ తప్పదు.

మొదటి అడుగు: టేపు పట్టే ముందు మూడు ప్రశ్నలు

ఎన్నాళ్లకు వెళ్తున్నారు? రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లేవాళ్ల లిస్టు, స్థిరపడటానికి వెళ్లేవాళ్ల లిస్టు ఒకటి కావు. రెండేళ్లకే అయితే ప్రతి వస్తువూ రెండుసార్లు సముద్రం దాటాలి, రెండుసార్లూ డబ్బు కట్టాలి. అలాంటప్పుడు ఫర్నిచర్ పంపి లాభపడటం చాలా అరుదు.

ఎలాంటి ఇంట్లో దిగుతున్నారు? ఫర్నిచర్‌తో సహా అద్దెకిచ్చే ఇల్లయితే మీ మంచం పెట్టుకోవడానికి చోటే ఉండదు. ఖాళీ ఇల్లంటే ఎంత ఖాళీయో కూడా అడగాలి. జర్మనీలో అద్దె ఇంటికి వంటగది అల్మారాలు, సింకు, ఒక్కోసారి సీలింగ్ లైట్లు కూడా లేకపోవడం మామూలే. ఇంకోటి: తలుపు, లిఫ్టు, మెట్ల వెడల్పు. ఆమ్‌స్టర్‌డామ్ పాత ఇళ్ల మెట్లు ఎంత ఇరుకంటే, సామాను కిటికీ గుండా లాక్కోవడానికి ఇంటి ముందు పైభాగంలో దూలానికి కొక్కెం పెట్టి కట్టారు. మీ ఇంటికి కొక్కెం ఉండదు కాబట్టి కొలతలు ముందే తెప్పించుకోండి. ఇల్లు ఇంకా కుదరకపోతే ఏ తలుపులోనూ పట్టదనిపించే పెద్ద సామానును అప్పుడే పక్కన పెట్టేయడం క్షేమం.

ఖర్చు ఎవరిది? ఉద్యోగమిచ్చే కంపెనీ ఇన్ని క్యూబిక్ మీటర్ల దాకా అంటే ఆ హద్దు దాటిన భాగమే మీది. చేతికి ఒకేసారి డబ్బిచ్చి మీరే చూసుకోమంటే పంపకుండా మిగిల్చిన ప్రతి పెట్టె ఖరీదూ మీ జేబులోనే ఉంటుంది. ఒకే సోఫా మొదటివాళ్లకు ఉచితం, రెండోవాళ్లకు భారం.

రెండో అడుగు: ఇంటిని క్యూబిక్ మీటర్లలోకి మార్చండి

ఒక నోట్‌బుక్ గానీ స్ప్రెడ్‌షీట్ గానీ తీసుకుని గది తర్వాత గది తిరగండి. ప్రతి పెద్ద వస్తువుకూ పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో రాసి మూడూ గుణించండి. కుర్చీ, సైకిల్ లాంటి వంకర టింకర వస్తువులకు, అవి పట్టే పెట్టె కొలత రాయాలి. కుర్చీ కింద ఉన్న ఖాళీకి కూడా మీరే డబ్బు కడతారు. విడదీయగలిగినవాటికి విడదీశాక ఎంతో ఆ కొలతే వేయండి. కాళ్లు ఊడే టేబుల్ ఒక పలక, నాలుగు కర్రలు. కాళ్లు ఊడని టేబుల్ ఒక గది.

చిన్న సామానును ఒక్కొక్కటిగా కొలవక్కర్లేదు. ఎన్ని పెట్టెలవుతుందో అంచనా వేస్తే చాలు. 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తున్న అట్టపెట్టె 0.04 క్యూబిక్ మీటర్. అలాంటివి 25 అయితే ఒక క్యూబిక్ మీటర్. అన్నీ కూడాక ప్యాకింగ్ కోసం పదో వంతు కలపండి.

ఈ అంకెను దేనితో పోల్చుకోవాలంటే, 20 అడుగుల కంటైనర్ లోపల సుమారు 33 క్యూబిక్ మీటర్లుంటుంది. ఇంటి సామాను ఇటుకల్లా ఒకదాని పక్కన ఒకటి కూర్చోదు కాబట్టి నిజంగా పట్టేది 25 నుంచి 28. 40 అడుగులదైతే లోపల 67 దాకా, అందులోనే ఎత్తు ఎక్కువున్న రకం 76 దాకా. మీ మొత్తం 6 వస్తే ఒక కథ, 24 వస్తే ఇంకో కథ.

అటక, స్టోర్ రూమ్, మంచం కింది పెట్టెలు కూడా లెక్కలో ఉండాలి. వాటిని మర్చిపోతే, సామాను చూసి ధర చెప్పడానికి కంపెనీ నుంచి వచ్చినవాళ్లు వేసిన అంచనా ప్యాకింగ్ రోజున పెరుగుతుంది, పెరిగినప్పుడు బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు.

మూడో అడుగు: ఒక క్యూబిక్ మీటర్‌కు ఎంతో తేల్చుకోండి

దారులు మూడు. మొత్తం కంటైనర్ మీదే తీసుకోవడం ఒకటి, నలుగురితో కలిసి వాడుకునే షేర్డ్ కంటైనర్ రెండోది, విమానం మూడోది.

మొత్తం కంటైనర్ తీసుకుంటే అది నిండినా నిండకపోయినా ధర దాదాపు అంతే. అంటే ముప్పావు వంతు నిండిన కంటైనర్‌లో మిగతా పావు వంతులోకి వెళ్లే సామాను ఇంచుమించు ఉచితంగా వెళ్తుంది. ఆ పరిస్థితిలో ఉన్నవాళ్లు తర్వాత చెప్పే లెక్కను సడలించుకోవచ్చు. షేర్డ్ కంటైనర్‌లో ప్రతి క్యూబిక్ మీటర్‌కూ విడిగా కడతారు, కనీస పరిమాణం ఒకటి పెడతారు, పైగా కంటైనర్ నిండేదాకా మీ సామాను గోదాములో ఎదురుచూస్తుంది. ఇంటి నుంచి ఇంటికి రెండు మూడు నెలలనుకునే ప్లాన్ చేసుకోండి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలై, చాలా ఓడలు సూయజ్ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. అలాంటివి జరిగితే ఎవరు చెప్పిన తేదీ అయినా నిలబడదు.

విమానంలో లెక్క వేరు. బరువు, చోటు రెంటిలో ఏది ఎక్కువైతే దానికే ధర. విమాన కార్గోలో సాధారణంగా 6000 ఘనపు సెంటీమీటర్లను ఒక కిలోగా లెక్కిస్తారు, కొరియర్ కంపెనీలు చాలావరకు 5000కే ఒక కిలో అంటాయి. 60 x 50 x 50 సెంటీమీటర్ల పెట్టెలో దిళ్లు, దుప్పట్లు పెట్టి తూస్తే 5 కిలోలే ఉండొచ్చు, బిల్లు మాత్రం 25 కిలోలకు వస్తుంది. అదే పుస్తకాల చిన్న పెట్టె చోటు ప్రకారం 7 కిలోలే, తూకంలో 22, బిల్లు 22కే. మెత్తనివి, తేలికవి విమానంలో దండగ. బరువైనవి ఓడలో చవక. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

కోట్‌లు కనీసం మూడు తీసుకోండి, అదీ ఇంటికొచ్చి గానీ వీడియోలో గానీ సామాను చూశాకే. తక్కువ కోట్ చూసి మురిసిపోకుండా అందులో ఏం లేదో అడగండి. దిగే పోర్టులో హ్యాండ్లింగ్ చార్జీలు, కస్టమ్స్ క్లియరెన్స్, తనిఖీ ఫీజు, గోదాము అద్దె, మెట్ల మీదుగా మోయడం, పెట్టెలు విప్పి ఖాళీ అట్టలు తీసుకెళ్లడం. మా విషయంలో మొదటి రెండూ కోట్‌లో లేవు, సామాను పోర్టుకు చేరాక గానీ తెలియలేదు. అప్పటికి సామాను వాళ్ల దగ్గర, మేం ఖాళీ ఇంట్లో. ఇవన్నీ కలిపిన మొత్తాన్ని మీ క్యూబిక్ మీటర్లతో భాగిస్తే వచ్చేదే అసలు ధర. దాన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించుకోండి.

నాలుగో అడుగు: ప్రతి వస్తువుకూ ఆ ధర పట్టి చూడండి

లెక్క ఇది: పంపడానికయ్యే ఖర్చుకు, ఇక్కడ అమ్మితే వచ్చే డబ్బు కలపండి. ఆ మొత్తం, అక్కడ అలాంటిదే కొనడానికయ్యే ఖర్చు కన్నా తక్కువైతే పంపండి, ఎక్కువైతే అమ్మేయండి. "అలాంటిదే" అన్నది ముఖ్యం. మీది ఎనిమిదేళ్ల సోఫా అయితే అక్కడి షోరూమ్‌లో కొత్త సోఫా ధరతో పోల్చకండి, సెకండ్ హ్యాండ్ ధరతో పోల్చండి. ఆ ధరలు అక్కడి సెకండ్ హ్యాండ్ వెబ్‌సైట్లలో పది నిమిషాల్లో దొరుకుతాయి.

ఉదాహరణకు క్యూబిక్ మీటర్‌కు 100 అనుకుందాం. ముగ్గురు కూర్చునే సోఫా 2.1 x 0.9 x 0.85 మీటర్లు. చుట్టాక దాదాపు 1.8 క్యూబిక్ మీటర్లు, అంటే 180. దాన్ని ఇక్కడ అమ్మితే 60 వస్తుందనుకుంటే, పంపడమంటే 240 పెట్టి మీ సోఫాను మీరే మళ్లీ కొనుక్కోవడం. పుస్తకాల పెట్టె ఒక్కోటి 4. ఆ సోఫా చోటులో 45 పుస్తకాల పెట్టెలు వెళ్తాయి. (అన్నీ కలిపి దాదాపు ఒక టన్ను తూగుతాయి కాబట్టి బరువుకు హద్దుందేమో కంపెనీని అడగండి. షేర్డ్ కంటైనర్‌లో సాధారణంగా ఒక క్యూబిక్ మీటర్‌కు ఒక టన్ను దాటితేనే బరువు లెక్కలోకి వస్తుంది.)

ఈ లెక్కతో ఎప్పుడూ గెలిచేవి కొన్నున్నాయి. మంచి పనిముట్లు, కత్తులు, మందపాటి గిన్నెలు, నాణ్యమైన దుప్పట్లు, సంగీత వాయిద్యాలు, చలి దేశానికి వెళ్తుంటే ఇప్పటికే ఉన్న చలి బట్టలు. చిన్నగా ఉండి, కొనబోతే ఖరీదైనవన్నమాట. ఎప్పుడూ ఓడేవి: పరుపులు, ప్లాస్టిక్ డబ్బాలు, బుక్‌షెల్ఫులు, ముక్కలుగా కొని ఇంట్లో బిగించుకున్న చెక్కపొడి ఫర్నిచర్. ఆ చివరిది ఒకసారి విప్పితే మరలు మళ్లీ గట్టిగా పట్టవు, పంపినా అది పాత రూపంలో నిలబడదు.

ఎటూ తేలనిది మధ్యలో ఉన్న సామాను, అసలు టైమ్ అంతా దానికే పడుతుంది. వాటికి నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఈ వస్తువు లేకుండా అక్కడ మూడు నెలలు గడపాలి కదా, ఎందుకంటే ఓడ వచ్చేసరికి అంతే పడుతుంది. ఆ మూడు నెలల్లో దీనికి బదులు ఇంకోటి కొనేస్తానా? కొనేస్తాననిపిస్తే పంపడం వృథా, అది చేరేసరికి ఇంట్లో రెండుంటాయి. మామూలు గిన్నెలు, ఇస్త్రీ పెట్టె, పిల్లల రోజువారీ బట్టలు, చెత్తబుట్ట చాలావరకు ఇక్కడే రాలిపోతాయి.

ఐదో అడుగు: అక్కడ పని చేయనివి తీసేయండి

కరెంటు వస్తువులన్నీ తిరగేసి వెనక ఉన్న లేబుల్ చదవండి. "100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే ఎక్కడైనా పని చేస్తుంది, ప్లగ్ మారిస్తే చాలు (హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క). ల్యాప్‌టాప్, ఫోన్, కెమెరా చార్జర్లు చాలావరకు ఈ కోవలోవే. ఒకే వోల్టేజ్ రాసి ఉంటే ఆగి ఆలోచించాలి. ఉత్తర అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. యూరప్, ఆస్ట్రేలియా, ఆసియాలో చాలా దేశాల్లో 220 నుంచి 240, 50 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులు, అదీ దేశానికి తూర్పు సగంలో 50 హెర్ట్జ్, పడమటి సగంలో 60.

వేడి చేసే వస్తువుల్లో తేడా రెట్టింపుతో ఆగదు. వోల్టేజ్ సగమైతే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది, 240 వోల్టుల కెటిల్ 120లో గోరువెచ్చగా కూర్చుంటుంది. 120 వోల్టులదాన్ని 240లో పెడితే నాలుగు రెట్ల వేడి పుట్టి కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే సరిపోదా అంటారు. వోల్టేజ్‌కు సరిపోతుంది, కానీ అది హెర్ట్జ్‌ను మార్చదు. వాషింగ్ మెషిన్, ఫ్రిజ్ లాంటి మోటారు వస్తువులకు అదీ కుదరాలి. పైగా పెద్ద వస్తువులకు సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ బరువూ ధరా చూస్తే ఆశ వదులుకుంటారు.

టీవీలో యాంటెన్నాతో ఛానెళ్లు పట్టే పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా, కెనడాల్లో ఒకటి, యూరప్‌లో ఒకటి, జపాన్‌లో ఇంకొకటి. యాప్‌లలో మాత్రమే చూసేవాళ్లకు ఇది అడ్డు కాదు, కానీ పెద్ద స్క్రీన్ దారిలో పగిలే అవకాశం అడ్డే.

మంచాల కొలతలు కూడా కలవవు. బ్రిటన్‌లో కింగ్ అంటే 150 x 200 సెంటీమీటర్లు, అమెరికాలో కింగ్ అంటే 193 x 203. మంచం పంపితే దాంతోపాటు పరుపు, దుప్పట్లు అన్నీ పంపాలి. పాడైనప్పుడు ఆ కొలతలో పరుపు దొరకదు.

ఆరో అడుగు: దేశం లోపలికి రానివ్వనివి, పన్ను పడేవి

వాడిన ఇంటి సామానును పన్ను లేకుండా తెచ్చుకోనివ్వడం చాలా దేశాల్లో ఉంది, కానీ "వాడిన" అనడానికి గడువుంటుంది. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి నుంచి వచ్చేవాళ్లు సాధారణంగా 12 నెలలు బయట నివసించి ఉండాలి, వస్తువులు కనీసం 6 నెలలు వాడి ఉండాలి, వచ్చాక 12 నెలల్లోపు తెప్పించుకోవాలి. అమెరికాలో ఇంటి సామానుకు ఏడాది వాడకం అడుగుతారు, ఆస్ట్రేలియాలోనూ ఇంచుమించు అంతే. బ్రిటన్‌కైతే ఆ మినహాయింపుకు ముందే దరఖాస్తు పెట్టి నంబర్ తెచ్చుకోవాలి. కెనడాకు వలస వెళ్లేవాళ్లు తర్వాత రాబోయే సామాను లిస్టును మొదటిసారి దిగిన రోజే కస్టమ్స్‌కు ఇవ్వాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొన్న వారంలోనే ఆ దేశపు కస్టమ్స్ అధికారిక వెబ్‌సైట్ చదవండి.

దీనివల్ల తేలేదేమిటంటే, వెళ్లే ముందు ఇక్కడ చవక అని కొత్తవి కొని కంటైనర్‌లో వేస్తే లాభం పన్నులో పోవచ్చు. సీలు కూడా విప్పని పెట్టె ఒకటి కనిపిస్తే మిగతావాటి మీదా అనుమానం మొదలవుతుంది.

జీవభద్రత, అంటే బయటి పురుగులు, తెగుళ్లు దేశంలోకి రాకుండా చూసుకోవడం, ఇంకో సంగతి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఈ విషయంలో చాలా కఠినం. బూట్ల అడుగున మట్టి, సైకిల్ చక్రాల్లో గడ్డి, తోట పనిముట్లు, డేరా, వాక్యూమ్ క్లీనర్ సంచిలో దుమ్ము, విత్తనాలు, ఎండిన పూలు, బెరడు తీయని కర్ర, గడ్డి చీపురు. ఒక్కటి దొరికినా శుభ్రం చేయించడానికి, పొగ పెట్టించడానికి మీ ఖర్చే, ఆలస్యమూ మీదే. కడిగి ఆరబెట్టే ఓపిక లేనివి వదిలేయండి. చెక్క క్రేట్‌లో ప్యాక్ చేస్తే ఆ చెక్కకు ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి. చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలిందనడానికి, లేదా అనుమతించిన మరో పద్ధతిలో శుద్ధి చేశారనడానికి గుర్తు అది.

దంతం పొదిగిన పాత పెట్టె, దంతపు మెట్లున్న పియానో, బ్రెజిల్ రోజ్‌వుడ్ గిటార్ లాంటివి ఉంటే సైటీస్ అనుమతి సంగతి ముందే తేల్చుకోండి. అది అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వ్యాపారం మీద 1975 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఒప్పందం, తాతగారి వస్తువని చెప్పినంత మాత్రాన అధికారులు వదలరు.

ఏడో అడుగు: లెక్కకు లొంగనివాటికి ఒక హద్దు

అమ్మ వాడిన కుర్చీకి క్యూబిక్ మీటర్ లెక్క పట్టడం మూర్ఖత్వం. అలాగని ప్రతిదీ అమ్మ కుర్చీ కాదు. మేం రెండోసారి దేశం మారినప్పుడు ఇంట్లో ఒక్కొక్కరికీ మూడు పెట్టెలిచ్చాం: ఇందులో ఏం పెట్టినా ఎవరూ ప్రశ్నించకూడదు, నిండితే మాత్రం ఒకటి తీసి ఒకటి పెట్టాలి. గొడవలు సగానికి సగం తగ్గాయి. చిన్నపిల్లల పెట్టెలు వాళ్ల చేతే సర్దించండి. పెద్దవాళ్లు పనికిరాదనుకునే విరిగిన బొమ్మే కొత్త ఇంట్లో మొదటి రాత్రి వాళ్లను నిద్రపుచ్చుతుంది.

ఫోటో ఆల్బమ్‌లు స్కాన్ చేయండి, కానీ అసలువి కూడా తీసుకెళ్లండి. అవి పట్టే చోటు తక్కువ.

బంధువుల ఇంట్లో పెట్టి వెళ్దామనే ఆలోచన అందరికీ వస్తుంది. తేదీ చెప్పకుండా పెట్టిన సామాను అంటే నిర్ణయాన్ని వాళ్ల నెత్తిన పెట్టడమే. ఫలానా నెలలోపు తీసుకెళ్లకపోతే మీ ఇష్టం అని రాసిచ్చి పెట్టండి.

ఎనిమిదో అడుగు: మిగిలినదాన్ని దారుల వారీగా విడగొట్టండి

మీతో విమానంలో, చేతి సంచిలో వెళ్లాల్సినవి: పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, జనన, వివాహ, చదువు సర్టిఫికెట్ల అసలు ప్రతులు, టీకాల రికార్డులు, మందులు వాటి చీటీలతో, నగలు, హార్డ్ డిస్కులు. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చెక్ ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి.

చెక్ ఇన్ సూట్‌కేసుల్లో మూడు నెలలు ఒక ఖాళీ ఇంట్లో బతకడానికి కావాల్సినవి సర్దండి. ఎయిర్‌లైన్‌కు అదనపు సూట్‌కేసు డబ్బు కట్టడం చాలాసార్లు విమాన కార్గో కన్నా చవక పడుతుంది, రెండూ పోల్చి చూడండి. ఇక ఓడలోకి వెళ్లేవాటిలో పెయింట్లు, గ్యాస్ డబ్బాలు, బాణసంచా, పెట్రోల్ మిగిలిన యంత్రాలు ఉండకూడదు.

తొమ్మిదో అడుగు: లిస్టు, ఇన్సూరెన్స్

ప్రతి పెట్టెకూ ఒక నంబర్, ఆ నంబర్ ఎదురుగా లోపల ఏముందో, వాడినదే అని, ఈ రోజు దాని విలువ ఎంతో. "ఇతరాలు" అని రాయకండి, కస్టమ్స్‌వాళ్లు ముందు విప్పేది ఆ పెట్టెనే. ఇదే లిస్టు కస్టమ్స్‌కూ, ఇన్సూరెన్స్‌కూ, చివరికి సామాను సరిచూసుకోవడానికీ పనికొస్తుంది.

మీ చేతులతో ప్యాక్ చేసిన పెట్టెలో గాజు పగిలితే చాలా పాలసీలు ఇవ్వవు. పగిలేవి కంపెనీవాళ్ల చేతే ప్యాక్ చేయించండి, బట్టలు, పుస్తకాలు మీరు సర్దుకోండి. పాలసీలో ఇంకో మాట వెతకాలి: జనరల్ యావరేజ్. ఓడ ప్రమాదంలో పడి, దాన్ని కాపాడటానికి అయిన ఖర్చును, ఓడ యజమానీ అందులో సామానున్న వాళ్లందరూ కలిసి పంచుకోవాలనే పాత సముద్ర న్యాయం ఇది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువకు అడ్డం పడ్డప్పుడు యజమానులు దీన్నే ప్రకటించారు. అలా ప్రకటిస్తే మీ సామాను చెక్కుచెదరకపోయినా, మీ వాటాకు హామీ ఇచ్చేదాకా మీ చేతికి రాదు. పాలసీలో అది కవర్ అయితే ఆ హామీ ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తుంది.

కంటైనర్ లోపలి గాలిలో తేమ రాత్రి చల్లబడి పైకప్పు నుంచి చుక్కలుగా రాలుతుంది. తేమ పీల్చే సంచులు వేయమని అడగండి, తడి ఆరని దుప్పటి ఒక్కటి కూడా లోపల పెట్టకండి.

సామాను దిగిన రోజు ఒకరు తలుపు దగ్గర నిలబడి నంబర్లు కొట్టేయాలి, మిగతావాళ్లు గదులు చూపించాలి. పెట్టె నలిగినా, తడిసినా, ఒక నంబర్ రాకపోయినా సంతకం పెట్టే ముందే ఆ కాగితం మీద రాసి ఫోటో తీసుకోండి. క్లెయిమ్‌కు గడువు కొన్ని పాలసీల్లో రోజుల్లోనే ఉంటుంది కాబట్టి పగిలేవి ఉన్న పెట్టెలు ముందు విప్పండి, పుస్తకాలు ఆగగలవు.